వెంట్రుకవాసి

పొద్దున ఏడింటికి తెస్తే చల్లగానే వీస్తుంది.
అదే ఒబ్దూలియా గోడు.
"మీ ముందు బుద్ధిమంతురాలు, దారిలో దొంగ" అంటుంది
తన తెల్ల వ్యాన్ తలుపు మీద అరచేత్తో చరిచి.

ఎర్మోసిల్లో. జులై. నలభై ఏడు డిగ్రీలు.
తడిగుడ్డ చుట్టనిదే స్టీరింగ్ చేతికి లొంగదు.
వారానికి మూడుసార్లు ఆ వ్యాన్‌లో ఆరుగురు
రక్తం కడిగించుకోవడానికి ఆసుపత్రికి వెళ్తారు.
గొంతెండినా వాళ్లు నీళ్లు కొలుచుకునే తాగాలి.
ఆ బండిలో చల్లగాలి అంటే
వాళ్లు తాగకూడని సగం గ్లాసు.

ఇప్పటికే ఇద్దరు చూశారు.
ఒకడు గ్యాస్ నింపి పంపాడు.
ఇంకొకడు కంప్రెసర్ మొత్తం మార్చాలన్నాడు,
ధర చెప్పేటప్పుడు మాత్రం గోడకేసి చూశాడు.
సిరియాకో మామయ్య బానెట్ కూడా ఎత్తలేదు.
"మధ్యాహ్నం రెండింటికి రా,
బండి బాగా ఉడికాక."

అప్పటిదాకా నాకు సొరుగు తుడిచే పని.
చచ్చిన క్లచ్‌ల సొరుగు. ఆయన ఒక్కటీ పారేయడు.

ఈ బేరింగ్ మూడు నెలలు అరిచింది.
అరిచినప్పుడల్లా ఆ టాక్సీవాడు రేడియో గొంతు పెంచాడు.
ఒకరోజు అది బిగుసుకుపోయింది, బెల్టు తెగింది,
గ్వాయిమాస్ దారిలో రాత్రంతా అతనికి
తేళ్లే తోడు.

ఈ కాయిల్ మాడింది. పాపం, దాని తప్పేం లేదు.
ఎర్త్ తీగ బోల్టు దగ్గర కాస్త తుప్పు,
పన్నెండు వోల్టులు రావలసిన చోటికి తొమ్మిదే వచ్చాయి.
అర్ధాకలితో మూట ఎత్తిన కూలీలా
పట్టు జారి, మళ్లీ పట్టి, మళ్లీ జారి,
ఆ రాపిడికే నల్లబడింది.

ఈ పలకకి నూనె అంటింది, సీలు కారి.
జిడ్డు చేతుల్తో చేపని పట్టుకోగలరా ఎవరైనా?

ఇది నాది.
నేను చేరిన మొదటి వేసవి. ఎక్కువ గ్యాస్ పోస్తే
ఎక్కువ చలవ అనుకున్నాను.
లోపలి ఒత్తిడికి క్లచ్ నిలవలేక పొగ కక్కింది.
మామయ్య ఒక్క మాటా అనలేదు,
సొరుగులో అన్నిటికంటే ముందు దీన్నే పెట్టాడు.

రెండు దాటాక వ్యాన్ వచ్చింది, ట్రిప్పు మధ్యలోంచే.
వెనక సీట్లో దోన్ ఎవారిస్తో
చొక్కా గుండీలన్నీ విప్పుకుని, చేతికి కట్టుతో.
ఇంజన్ నడుస్తోంది. పుల్లీ తిరుగుతోంది.
దాని ఎదురుగా పలక మాత్రం
అలిగినదానిలా కదలకుండా ఉంది.

మామయ్య సుత్తి కర్రపిడితో
దాన్ని మెల్లగా లోపలికి నొక్కాడు.
టక్.
అంతే. రెండూ ఒక్కటై తిరిగాయి.
"అయస్కాంతం పిలుస్తూనే ఉంది, నెరేయిదా.
వేడెక్కాక గొంతు అంత దూరం వినబడటం లేదు."

ఇంజన్ ఆపి, రేకు దూర్చి కొలిచాను.
ఉండవలసింది అర మిల్లీమీటరు,
అరిగి అరిగి మిల్లీమీటరు దాటింది.
ఏళ్ల తరబడి రోజుకి వెయ్యిసార్లు
కలిసి విడిపోయిన గుర్తు అది.
వెంట్రుకవాసి ఎడం గురించి
నేనేదో అనబోయాను, మా అమ్మనీ
మాట మానేసిన పిన్నినీ తలచుకుని.
"పదో నంబరు స్పానర్" అన్నాడు మామయ్య.

లోపల రెండు వాషర్లున్నాయి, గోటికంటే పల్చన.
ఒకటి తీసేశాడు.
"రెండూ తీయకు. మరీ దగ్గరైతే
వదిలేశాక కూడా రాసుకుంటూనే ఉంటాయి."

ఎంతివ్వాలని అడిగింది ఒబ్దూలియా.
"నేను వేసిందేముంది, తీశానంతే" అన్నాడు.
ఆమె డాష్‌బోర్డు మీది కొయోటా రొట్టెల పొట్లం
నా చేతిలో కుక్కింది. బెల్లం కరిగి కాగితానికి అంటింది.

"వచ్చే ఏడు మాత్రం కొత్తది వెయ్యాల్సిందే,
తియ్యడానికి ఇక ఒకటే మిగిలింది,"
అని మామయ్య ఇంకా చెబుతూనే ఉన్నాడు.

వెనక నుంచి దోన్ ఎవారిస్తో కసిరాడు:
"వచ్చే ఏడు సంగతి ఎవడడిగాడయ్యా?
ముందా తలుపు వెయ్యండి,
చల్లదనమంతా పోతోంది."